పదహారు నిలువు, పంతొమ్మిది అడ్డం

నుంగంబాక్కం స్టేడియంలో
గ్యాలరీ మెట్ల కింది గది నాది.
ఆట నాకు కనపడదు.
నెత్తిమీద జనం కాళ్ళాడిస్తే
సీలింగు నుంచి సున్నం రాలుతుంది.
దాన్నిబట్టి స్కోరు ఊహించుకుంటాను.

ఆడవాళ్ళ సింగిల్స్. ముప్పై రెండు పేర్లు.
ముప్పై రెండూ నాకు పౌండ్లలోనే గుర్తు.
యాభై రెండంటే ఆ పొడుగాటి చెక్ అమ్మాయి.
నలభై ఆరంటే భుజానికి పట్టీ చుట్టుకునే ఆమె.
మొదటి సీడువి తొమ్మిది రాకెట్లు,
ఒక్కోటీ కవర్లో, మడత విప్పని పెట్టుబడి చీరల్లా.
మోసుకొచ్చేది ఆమె మనిషి.
దేచమ్మవి మూడు.
మోసుకొచ్చేది దేచమ్మే.

"తీగ నాదేనక్కా, రీల్లో మిగిలింది.
కూలి ఎంతో చెప్పు.
ఆ మూడోదాని జోలికి పోకు,
ఇంకో మ్యాచికి ఆగుతుంది."
ఆమె కన్నడం, నా తెలుగు,
మధ్యలో ఇద్దరికీ సగం సగం వచ్చిన తమిళం.
మూడోదాన్ని వేలితో మీటి చూశాను.
ఆగదు.
చెప్పలేదు.

చింతాద్రిపేటలో మా తాతది గుంటమగ్గం.
పడుగు పట్టిన రోజు ఎవరు పలకరించినా
ఊఁ అనేవాడు కాదు.
నేనూ అంతే, నిలువు తీగలు లాగేటప్పుడు
పెదవులు బిగించేస్తాను.
అడ్డం మొదలైతే మాట వస్తుంది,
ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి,
రేడియోలో వార్తలకు జవాబు కూడా చెబుతాను.

రెండో రౌండు రోజు పొద్దుటినుంచీ ముసురు.
ముసురులో బంతి నానిన శనగలా బరువెక్కుతుంది,
తీగ ఉసూరుమని సాగుతుంది.
నాలుగింటికి ఎళిల్ వచ్చాడు పరిగెత్తుకుంటూ,
బాల్ బాయ్, బూట్లనిండా నీళ్ళు.
చేతిలో నడుమ తెగిన రాకెట్.
"మూడో సెట్, నాలుగు అయిదు. రెండూ తెగాయక్కా.
ఇప్పుడు ఆ పాతదాంతో ఆడుతోంది."

మెషీను మీద మొదటి సీడు ఆరో రాకెట్.
పదహారులో తొమ్మిది నిలువు ఎక్కాయి.
పడుగు సగంలో దించితే
మా ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగేది కాదు.
దించాను.
అరవై డాలర్ల తీగ కత్తెరకింద
జడకుచ్చులా నేలమీద పడింది.

తర్వాత నాకేం తెలియదు.
బొటనవేలు ఎప్పుడు తెగిందో తెలియదు.
పైన చప్పుడు లేదు,
అంత జనం ఒక్కసారి ఊపిరి బిగబడితే
సీలింగు కూడా బిగుసుకున్నట్టుంటుంది.
ఎళిల్ గుమ్మంలో నిలబడి
ఒంటికాలిమీద అటూ ఇటూ మారుతున్నాడు.
పద్దెనిమిదో అడ్డం. పంతొమ్మిది. ముడి.
వాడి చేతికిచ్చేశాను, కొస కూడా కత్తిరించకుండా.

వాడటు మలుపు తిరిగాడో లేదో
పైన ఒక్కటే దడ.
సున్నం పెళ్ళ నా టీలో పడింది.

రాత్రి దేచమ్మ వచ్చింది తల తుడుచుకుంటూ.
నేను కట్టిన రాకెట్ బల్లమీద పెట్టింది.
ఎక్కడా పసుపు నూగు లేదు,
ఒక్క బంతి కూడా దాన్ని తాకలేదు.
"వాడొచ్చేసరికి అయిపోయిందక్కా."
గెలిచావా అని నేనడగలేదు.
పర్సు తీసి కూలి లెక్కపెడుతోంది.
గెలిచినవాళ్ళు రేపు ఇస్తామంటారు.
ఓడినవాళ్ళే ఆ రాత్రికారాత్రి బాకీ తీర్చేది.

"తీగ కోసేయనా? ఫ్రేమ్‌కి మంచిది."
"వద్దు. షోలాపూర్లో క్వాలిఫైయింగ్ ఉంది.
దీంతోనే మొదలుపెడతా."
"అప్పటికి మూడు పౌండ్లు జారుతుంది."
"తెలుసు," అంది,
అరచేతి మడమతో దాన్నొకసారి కొట్టి,
చెవి దగ్గర పెట్టుకుని,
నా చెవి దగ్గర కూడా పెట్టింది.

ఏడింటికే వస్తాడు సీడు మనిషి.
ఎనిమిది రాకెట్లు సిద్ధం.
తొమ్మిదోదాని తీగ ఏమైందంటే
ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.
ముందు పడుగు ఎక్కించాలి.
రేడియో ఆపేశాను.